ఎడమ కణత

పొగతోటలో మా ల్యాబ్ రెండో అంతస్తు.
కింద మందుల షాపులు, టోకెన్ల కేకలు.
పైన నేనూ, మైక్రోటోమూ, కరిగే మైనం వాసనా.

మంగళవారం సాయంత్రం ఒక చిన్న సీసా వచ్చింది.
ఫార్మలిన్‌లో మునిగి
సేమ్యా ముక్కంత రక్తనాళం.
చీటీ మీద: మస్తాన్‌బీ, అరవై ఎనిమిది,
ఉదయగిరి. ఎడమ కణత.

చీటీలో లేనిది ఆమే చెప్పింది,
రిపోర్టు ఎప్పుడొస్తుందని కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కి వచ్చి.
"దువ్వెన తగిలితే పానం పోతా ఉండాది నాయనా.
రొట్టె నాలుగు నములు నమిలేతలికి
దవడ పట్టేస్తాది, ఆగి మళ్లా నమలాల.
మొన్న పొద్దున ఎడమ కంటికి పరదా దిగింది.
ఇంక లెయ్యలా."
బొటనవేళ్ల మీద పాత ఉలి గాట్లు.
నలభై ఏళ్లు చెక్క చెంచాలు చెక్కిన చేతులు
ఒళ్లో పనిలేక కూర్చున్నాయి.

మైనంలో దింపాను. ఉల్లిపొరకన్నా పలచగా కోశాను.
గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి గాజు మీదికి ఎత్తుకున్నాను.
ఊదా రంగు, తర్వాత గులాబి.
కటకం కింద మొదట కనిపించింది
అడ్డంగా కోసిన చెట్టు.
వలయం లోపల వలయం.
నర్ది మాను ఆమెకు ఇలాగే కనిపించి ఉంటుంది,
ఎక్కడ ఉలి పెడితే చీలదో వెతికేటప్పుడు.

కానీ చెట్టు వలయాలు ఏళ్లు.
ఇవి వారాలు.

గోడలోనే కాపురముండే కావలి కణాలు కొన్ని ఉంటాయి,
చేతులు చాచుకుని, ఏళ్ల తరబడి, ఊరకే.
ఒకనాడు, ఎందుకో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు,
దొంగ లేకుండానే కేక వేశాయి.
ఆ కేకకు టీ కణాలు వచ్చాయి,
రక్తం పారే నడివీధి గుండా కాదు,
గోడకే నీళ్లు తాపే వెంట్రుకవాసి నాళాల్లోంచి,
పెరటి దారిన.
వాటి వెనకాల మాక్రోఫేజ్‌లు.
దొంగ ఏడీ అని ఒక్కటీ అడగలేదు.
వచ్చాక చేతికి పని కావాలి కదా,
గోడలో సాగే పొరను కొరకడం మొదలుపెట్టాయి.
కొన్ని ఒకదాన్లో ఒకటి కరిగిపోయి
పది కేంద్రకాల మహాకణాలయ్యాయి.
తెగిన పొర పక్కనే, తునక నోట్లో ఉండగానే,
నా రంగు కింద అలాగే ఆగి ఉన్నాయి.

లోపలి పొర బెదిరి మందమెక్కింది.
ఇంకా మందమెక్కింది.
చివరికి నడుమ మిగిలింది
మూసిన కంటి గీతంత సందు.

నాకు వాటి మీద కోపం రాలేదు, అదే విచిత్రం.
పోయిన నెల మైపాడు పిల్లవాడి వేలిలో గాలం దిగితే
వీటి దాయాదులే వేలకు వేలు చచ్చి
చీమై బయటికొచ్చాయి. వేలు మిగిలింది.
ఆ స్లైడు చూసి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.
ఇక్కడ ఏం చేయాలో తోచక
సునంద మేడమ్‌కి ఫోన్ చేశాను, "ఒకసారి రండి" అని.

డాక్టరు మా కాగితం కోసం ఆగలేదు,
సీసా నా చేతికి రాకముందే స్టెరాయిడ్ ఎక్కించాడు.
కుడి కన్ను దక్కింది.
ఎడమది దక్కలేదు.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది మస్తాన్‌బీ.
మందుకు ముఖం ఉబ్బి, నేను గుర్తుపట్టలేదు.
"నాది నాకు చూపించు" అంది.
స్టూలు జరిపాను. ఒంటి కన్ను కటకానికి ఆనించి
చాలాసేపు చూసింది,
బేరానికొచ్చిన దుంగను చూసినట్టు.
"ఇది చెంచాకి రాదు నాయనా. పొయ్యిలోకే" అని
నవ్వింది, దవడ పట్టుకోకుండా.

సంచీలోంచి కలివి చెక్క గరిటె తీసి బల్ల మీద పెట్టింది.
ఒక అంచు కాస్త వంకర.
"ఒంటి కంటితో లోతు తెలీదంట" అంది.

స్లైడు తుడిచి నంబరు చూసి డ్రాయరులో పెట్టాను.
కింద ఎవరిదో టోకెన్ పిలుస్తున్నారు.